వాగ్దాన కార్డు తీసుకున్న ఏడాదే అన్నీ పోతే, ఆ మాటను ఎలా నమ్మాలి?

మీ ప్రశ్న చదివి రెండు రోజులైంది. వంట చేస్తున్నా అదే గుర్తొస్తోంది. బ్యాంకు ఉద్యోగం కోసం నాలుగేళ్లు చదివి, ఇంటర్వ్యూ దాకా వెళ్లి, రెండు మార్కుల్లో పోయిందని రాశారు. జనవరి 1 ఆరాధనలో మీరు తీసుకున్న వాగ్దాన కార్డులో (కొత్త ఏడాదికని బైబిల్ వాక్యం అచ్చేసి ఇచ్చేది) యిర్మీయా 29:11 వచ్చిందని, ఇప్పుడు ఆ కార్డు చూస్తేనే ఏడుపొస్తోందని రాశారు. ఇంట్లో అందరూ "దేవుడు ఇంతకంటే మంచిది ఇస్తాడులే" అంటుంటే నమ్మలేకపోతున్నానని, నమ్మకపోతే పాపమేమోనని భయంగా ఉందని కూడా అన్నారు.

చెల్లీ, నాకూ అదే వాక్యం వచ్చింది. 2014 డిసెంబరు 31 రాత్రి.

మాది నర్సాపురం దగ్గర ఒక పల్లెటూరు. మా ఆయన 5 ఎకరాల చెరువు లీజుకు తీసుకుని వెనామీ రొయ్య వేసేవారు. 2014లో పంట బాగా వచ్చింది, రేటు కూడా కలిసొచ్చింది. ఆ డిసెంబరు ఆఖరి రాత్రి ఆరాధనలో పళ్లెంలో కార్డులు పెట్టి పాస్టర్ గారు ప్రార్థన చేస్తే ఒక్కొక్కరం వెళ్లి తీసుకున్నాం. నాకు వచ్చిన కార్డులో "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అని ఉంది. దాన్ని బీరువా అద్దానికి అంటించాను. జనవరి రెండో ఆదివారం సంఘంలో నిలబడి సాక్ష్యం కూడా చెప్పాను. ఈ సంవత్సరం దేవుడు మా చెరువును ఆశీర్వదిస్తానని మాట ఇచ్చాడని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు.

ఫిబ్రవరిలో సీడ్, అంటే రొయ్య పిల్లలు, వేశాం. యాభై రోజుల దాకా బాగానే ఉంది. తర్వాత ఒక ఉదయం మా ఆయన మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగితే రాత్రి వేసిన మేత అలాగే ఉంది. సాయంత్రానికి రొయ్యలు గట్టు పక్కకు వచ్చేశాయి. పట్టుకుని చూస్తే తల చిప్ప మీద తెల్ల మచ్చలు. అది వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు, వచ్చిందంటే మందు లేదు. అప్పటికప్పుడు పట్టేయడం ఒక్కటే దారి. 120 కౌంట్, అంటే కిలోకు 120 తూగే చిన్న రొయ్యను అడిగిన రేటుకు ఇచ్చేశాం. మేత ఖర్చు కూడా రాలేదు.

వాగ్దానం ఉంది కదా అని నేనే ధైర్యం చెప్పి రెండో పంట వేయించాను. ఇది ఇప్పటికీ నన్ను బాధపెట్టే విషయం. మా అమ్మ పెట్టిన నాలుగు కాసుల గొలుసు తాకట్టు పెట్టాం, మేత అప్పు మీద తెచ్చాం. ఆ పంట 38వ రోజున పోయింది. ఈసారి పట్టడానికి కూడా ఏమీ లేదు. అంత చిన్న రొయ్యను ఎవరు కొంటారు? ఆ నీళ్లు కాలవలోకి వదిలితే పక్క చెరువులకు కూడా అంటుకుంటుందని బ్లీచింగ్ వేసి చంపేశాం. మా ఆయన బ్లీచింగ్ చల్లుతుంటే నేను గట్టు మీద నిలబడి చూశాను. నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఆపేశారు. అయిదు నెలలుగా రాత్రీ పగలూ వినిపించిన చప్పుడు లేకపోయేసరికి చెవులు మూసుకుపోయినట్టు అనిపించింది.

అప్పు మొత్తం లెక్కేస్తే 26 లక్షలు తేలింది. 2016లో మావయ్య గారి 70 సెంట్ల చేను, ఇల్లు అమ్మేశాం. ఇంకా 7 లక్షలు మిగిలింది. నా గొలుసు వేలంలో పోయింది.

మీరు అడిగిన భయం నాకు అప్పుడే మొదలైంది. ఆదివారం గుడికి వెళ్తే, సాక్ష్యం చెప్పిన మనిషిని అందరూ చూస్తున్నారేమో అనిపించేది. ఒకరు "ఏదో పాపం అడ్డుపడి ఉంటుంది, ఒప్పుకోండి" అన్నారు. ఇంకొకరు "విశ్వాసం చాల్లేదు" అన్నారు. బయటి నుంచి కూటాలకు వచ్చిన ఒక ప్రసంగీకుడు, కానుక విత్తితే 40 రోజుల్లో రెండింతలు తిరిగి వస్తుందని చెప్పాడు. ఇంట్లో మిగిలిన 5,000 తీసుకెళ్లి ఇచ్చాను. క్యాలెండర్ మీద రోజులు కొట్టేసుకుంటూ కూర్చున్నాను. 40 దాటాయి, 60 దాటాయి. ఒక మధ్యాహ్నం అద్దం మీద కార్డు పీకేసి బియ్యం డబ్బా వెనక పడేశాను. చింపడానికి మాత్రం చేయి రాలేదు.

మా ఆయన గుడికి రావడం మానేశారు. ఆయనను ఏమీ అనలేకపోయాను, ఎందుకంటే నేను వెళ్తున్నానే గానీ నా నోట్లో కూడా ప్రార్థన లేదు.

మా సంఘంలో బైబిల్ స్త్రీగా, అంటే ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకు బైబిల్ చెప్పే మనిషిగా, పనిచేసి మానేసిన ఒక పెద్దావిడ ఉండేవారు. అందరం అమ్మమ్మ గారు అనే పిలిచేవాళ్లం. ఒకరోజు మా ఇంటికి వచ్చి, మంచినీళ్లు తాగి, నేను చెప్పిందంతా విన్నారు. మధ్యలో ఒక్క వాక్యం కూడా చెప్పలేదు. అంతా అయ్యాక "ఆ కార్డు ఏదీ?" అన్నారు. డబ్బా వెనక నుంచి తెచ్చి ఇచ్చాను. "అమ్మాయ్, ఇది ఉత్తరంలో ఒక ముక్క. ఉత్తరం మొత్తం ఎప్పుడైనా చదివావా?" అన్నారు.

చదవలేదండి. పుట్టినప్పటి నుంచి గుడికి వెళ్తున్నాను, ఆ వాక్యం కంఠతా వచ్చు, కానీ దానికి పైన ఏముందో, కింద ఏముందో నాకు తెలియదు.

ఆ రోజు ఆవిడ చదివించింది మీకు చెప్తాను. నాకు ఊపిరాడింది అక్కడే.

అది బబులోనులో చెరపట్టబడి ఉన్నవాళ్లకు యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుంచి పంపిన ఉత్తరం. బబులోను రాజు నెబుకద్నెజరు క్రీస్తుపూర్వం 597లో యూదా రాజును, రాజు తల్లిని, అధికారులను, కంసాలులను, పనివాళ్లను పట్టుకుపోయాడు. ఇల్లు, పొలం, దేవాలయం అన్నీ వెనక వదిలేసి వెళ్లినవాళ్లు వాళ్లు. "నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును" అని దేవుడు చెప్పింది అలా పోగొట్టుకున్నవాళ్లకు. అప్పటిదాకా నేను ఆ వాక్యాన్ని, పంట పోకుండా కాపాడే మాట అనుకున్నాను. పంట పోయినవాళ్లకు రాసిన మాట అని తెలియదు.

11వ వచనానికి ముందు 10వ వచనం ఉంది. డెబ్బై సంవత్సరాలు గడిచిన తరువాతనే మిమ్మల్ని తిరిగి రప్పిస్తానని అందులో ఉంది. ఆ ఉత్తరం చదువుతుంటే వింటున్న నలభై ఏళ్ల మనిషి సంగతి ఆలోచించండి. ఆయన తిరిగి వెళ్లడు. ఆయన పిల్లలు వెళ్తారేమో, మనవలు వెళ్తారేమో. కార్డులో పట్టదు కాబట్టి 10వ వచనం ఎవరూ అచ్చువేయరు. నా మటుకు నాకు ఆ రెండింటినీ విడదీయకూడదనిపిస్తుంది.

అంతకు ముందు అధ్యాయంలో హనన్యా అని ఒక ప్రవక్త ఉన్నాడు. రెండు సంవత్సరాల్లో అంతా తిరిగి వచ్చేస్తుందని దేవాలయంలో అందరి ముందూ చెప్పాడు. బబులోనుకు లోబడాలన్న దానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద పెట్టుకున్న కాడిని తీసి విరిచేశాడు. జనానికి ఎంత సంతోషమై ఉంటుందో! ఇక్కడ నన్ను కదిలించింది ఏంటంటే, యిర్మీయా మొదట "ఆమేన్, యెహోవా అలాగే చేయునుగాక" అన్నాడు. ఆయనకూ తొందరగా అయిపోతే బాగుండుననే ఉంది. కానీ దేవుడు ఆ మాట చెప్పలేదని ఆయనకు తెలుసు. నాకు 40 రోజులు అని చెప్పిన మనిషి మాట దేవుని మాట కాదని నాకు ఆ పేజీ చూశాకే అర్థమైంది. దేవుడు మాట తప్పాడని సంవత్సరం నుంచి ఆయన మీద కోపంగా ఉన్నాను. తప్పింది ఆయన ఇవ్వని మాట. చెరువు సంగతి కార్డులో ఎక్కడా లేదు, అది నేను కలుపుకున్నది. మీ కార్డులో కూడా బ్యాంకు ఉద్యోగం అని లేదు కదమ్మా. ఇది మిమ్మల్ని నొప్పించడానికి అనడం లేదు. ఆశపడటం తప్పు కాదు, దేవుని ముందు ఆశపడక ఇంకెక్కడ ఆశపడతాం? ఆయన మీ విషయంలో అబద్ధమాడలేదని చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

మరి ఆ డెబ్బై ఏళ్లూ ఏం చేయమన్నాడు? 5వ వచనం నుంచి చూడండి. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఆ పట్టణం బాగు కోసం ప్రార్థన చేయండి. శత్రువు పట్టణం కోసం! అమ్మమ్మ గారు అక్కడ వేలు పెట్టి "నీకు లేసు అల్లడం వచ్చుగా?" అని అడిగారు. నేను ఏదో పెద్ద ఆత్మీయమైన మాట వస్తుందనుకున్నాను.

మా వైపు ఆడవాళ్లకు లేసు పని కొత్త కాదు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని, తల్లి నుంచి కూతురికి వస్తూనే ఉంది. పెళ్లయ్యాక నేను మానేశాను. మర్నాడు పక్కింటావిడ దగ్గర దారం తీసుకుని మొదలుపెట్టాను. రోజంతా అల్లితే వచ్చే డబ్బు చాలా తక్కువ, దాన్ని గొప్పగా చెప్పను. కానీ చేతికి పని దొరికాక రాత్రి నిద్ర పట్టింది. మా ఆయన వేరేవాళ్ల చెరువులో నెల జీతానికి చేరారు. ఒకప్పుడు తన చెరువుకు పనివాళ్లను పెట్టుకున్న మనిషి, అదే గట్ల మీద ఇంకొకరికి లెక్క చెప్పాలి. మొదటి నెల జీతం నా చేతిలో పెట్టి బయటకు వెళ్లిపోయారు, గంట దాకా ఇంట్లోకి రాలేదు.

అద్దె ఇంటి పెరట్లో కాస్త ఖాళీ ఉంటే రెండు కొబ్బరి మొక్కలు తెచ్చి నాటారు. మావయ్య గారు చూసి "అద్దె కొంపలో కొబ్బరి మొక్కేంట్రా, కాపుకొచ్చేసరికి మనం ఉంటామా?" అన్నారు. మా ఆయన ఏమీ అనకుండా నీళ్లు పోశారు. ఆయనకు ఆ ఉత్తరం సంగతి నేను ఇంకా చెప్పనేలేదు.

బాగుపడటం ఎలా ఉంటుందో కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. యోవేలు 2:25లో మిడుతలు తినేసిన సంవత్సరాల పంటను తిరిగి ఇస్తానని దేవుడు అంటాడు. చాలామంది ఇది చెప్పి, పోయింది పోయినట్టే మళ్లీ చేతికొస్తుందంటారు. మాకు అలా రాలేదు. చేను తిరిగి రాలేదు, గొలుసు తిరిగి రాలేదు. మావయ్య గారు 2017లో ఆ అద్దె ఇంట్లోనే కన్నుమూశారు, సొంత చేను గట్టు మీద నడవాలన్న కోరిక తీరకుండానే. దానికి నా దగ్గర జవాబు లేదు. వచ్చింది ఏంటంటే, 2018లో ఈస్టరుకు ముందు వచ్చే మట్టలాదివారం నాడు మా ఆయన చెప్పకుండా తయారై నా పక్కన నడిచి గుడికొచ్చారు. 2020లో లేసు ఆర్డర్లు ఆగిపోయి నెలల తరబడి ఇబ్బంది పడ్డాం, అయినా ఇంట్లో ఒకరినొకరు మాట అనుకోలేదు. 2015లో అదే ఇబ్బందికి రోజూ గొడవే. 2022లో ఆఖరి అప్పు తీరింది. మా అమ్మాయి నర్సింగ్ పూర్తి చేసింది.

అమ్మాయి మొదటి జీతం తెచ్చి ఇచ్చిన రోజు ప్రార్థన చేసుకుందామని కూర్చుంటే నాకు ఏడుపు ఆగలేదు. దాని పెళ్లికి పెడదామనుకున్న గొలుసు గుర్తొచ్చింది. ఇంత మేలు చేసిన దేవుని ముందు ఇప్పుడు ఈ ఏడుపేంటని సిగ్గుపడ్డాను. తర్వాత ఎజ్రా మూడో అధ్యాయం చదువుతుంటే చెర నుంచి తిరిగొచ్చినవాళ్లు కొత్త దేవాలయానికి పునాది వేసిన రోజు సంగతి కనపడింది. చాలామంది సంతోషంతో కేకలు వేశారు. మొదటి మందిరాన్ని కళ్లారా చూసిన ముసలివాళ్లు గట్టిగా ఏడ్చారు. ఏది సంతోషమో ఏది ఏడుపో జనానికి తెలియలేదని ఉంది. వాగ్దానం నెరవేరిన రోజే అది! ఆ ముసలివాళ్లను దేవుడు గద్దించినట్టు అక్కడ ఒక్క మాట లేదు. అది చదివాక గొలుసు కోసం ఏడవడానికి నేను సిగ్గుపడలేదు.

నమ్మలేకపోవడం పాపమా అని అడిగారు. విలాపవాక్యములు మూడో అధ్యాయం తీయండి. దేవుని వాత్సల్యం అనుదినమూ నూతనంగా పుడుతుందన్న వాక్యం అక్కడిదే. అది కూడా కార్డుల్లో వస్తుంది. దానికి కొంచెం పైన, అదే మనిషి, దేవుడు రాళ్లతో నా పళ్లు ఊడగొట్టాడని రాశాడు. 13వ కీర్తన మొదలవడమే "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని. దేవుని మీద నమ్మకం పూర్తిగా పోయినవాళ్లు దేవునితో ఇలా పోట్లాడరండి, మాట్లాడటమే మానేస్తారు. మీరు ఏడుస్తూ కార్డు చూస్తున్నారంటే ఇంకా ఆయనతో మాట్లాడుతూనే ఉన్నారు. నేను ఆ సంవత్సరం మాట్లాడటం మానేశాను. అందుకే మీరు నాకంటే మెరుగ్గా ఉన్నారని నిజంగా అంటున్నాను.

యిర్మీయా గురించి ఇంకొక సంగతి చెప్పి ఆపుతాను. పట్టణాన్ని బబులోను సైన్యం చుట్టుముట్టి ఉంది. ఆయన చెరసాలలో ఉన్నాడు. అప్పుడు చిన్నాన్న కొడుకు హనమేలు వచ్చి అనాతోతులో ఉన్న పొలం కొనమన్నాడు. శత్రువు చేతిలోకి పోబోతున్న పొలం! యిర్మీయా 17 తులాల వెండి తూచి ఇచ్చి కొన్నాడు. సాక్షులతో సంతకాలు పెట్టించి, ఆ పత్రాలు చాలా కాలం పాడవకుండా మట్టి కుండలో పెట్టమని తన లేఖకుడు బారూకుతో చెప్పాడు. ఈ దేశంలో ఇళ్లు, పొలాలు, ద్రాక్షతోటలు మళ్లీ కొంటారన్నది దేవుడిచ్చిన మాట. ఆ పొలంలో యిర్మీయా పంట కోసుకున్నట్టు బైబిల్లో ఎక్కడా లేదు. తర్వాత జనం ఆయనను ఐగుప్తుకు తీసుకుపోయారు. చేను అమ్మి కాగితాల మీద సంతకం పెట్టిన మాకు ఈ అధ్యాయం చదవడం కష్టంగా ఉండేది. మా ఆయనకు మాత్రం ఇదే ఇష్టం. కొబ్బరి మొక్కలు నాటిన ఇంటి నుంచి మేము 2021లో మారిపోయాం. ఇప్పుడు అవి కాస్తున్నాయట. ఆ ఇంట్లో కొత్తగా దిగినవాళ్లు మొన్న సంక్రాంతికి నాలుగు కాయలు పంపారు. మా ఆయన ఒకటి కొట్టి, నీళ్లు గ్లాసులో పోసి, ముందుగా వాళ్ల నాన్న ఫొటో దగ్గర కాసేపు ఉంచి, తర్వాత మాకిచ్చారు.

మీ సంగతికి వస్తే, ఈ వారం ఆ కార్డును చూడబుద్ధి కాకపోతే చూడకండి. బైబిల్లో పెట్టి మూసేయండి, అది ఎక్కడికీ పోదు. ఇంట్లోవాళ్లు "ఇంతకంటే మంచిది వస్తుంది" అన్నప్పుడు వాదించొద్దు. వాళ్లకు మీ ముఖం చూసి ఏమనాలో తెలియక అంటున్నారు. మీ అమ్మ గారితో మాత్రం ఒక్కసారి కూర్చుని "నాకు జవాబు వద్దు, కాసేపు పక్కన ఉండు" అని చెప్పండి. మళ్లీ నోటిఫికేషన్ వస్తే రాయాలా వద్దా అన్నది రెండు వారాలు ఆగి, నిద్ర సరిగ్గా పట్టాక తేల్చుకోండి. రాస్తే రాయండి, వేరే పని చూసుకుంటే చూసుకోండి. రెండింట్లో ఏదీ విశ్వాసం తక్కువ కాదు. ఈలోగా పక్క వీధిలో పిల్లలకు లెక్కలు చెప్పడమో ఇంకొకటో, చేతికి ఒక పని పెట్టుకోండి. నాలుగేళ్లు చదివిన చదువు మీ దగ్గరే ఉంది, దానికి వైట్ స్పాట్ రాదు. ఎవరైనా రోజులు లెక్క చెప్పి డబ్బు కట్టమంటే మాత్రం ఇవ్వకండి, చేతులు జోడించి చెప్తున్నాను.

అమ్మమ్మ గారు ఇప్పుడు లేరు. ఆవిడ మొదలుపెట్టిన బుధవారం స్త్రీల కూడిక ఇంకా జరుగుతోంది. మీ పేరు నాకు తెలియదు, తెలియక్కర్లేదు కూడా. ఈ బుధవారం "రెండు మార్కుల్లో ఉద్యోగం పోయిన అమ్మాయి" అని చెప్పి ప్రార్థన చేస్తాం. మీకు ప్రార్థన రాకపోతే ఆ రోజు సాయంత్రం ఊరికే కూర్చోండి. మీ బదులు మేము అడుగుతాం.